గోడకి నెమ్ము పట్టిందా? పెయింట్ కొనేముందు నీరు ఎటునుంచి వస్తోందో చూడండి

ఈ రోజు ఎపిసోడ్ మా శృంగవరపుకోట నుంచే, మా ఇంట్లోంచే. నా వెనక కనిపిస్తోంది కదా, ఈ గోడ గురించే మాట్లాడబోతున్నాను. ఇప్పుడు చూస్తే మామూలు గోడ. రెండేళ్ళ కిందట చూసుంటే కింద మూడడుగుల వరకు నల్లగా, పైన పెయింట్ అప్పడంలా ఉబ్బి, చేత్తో ముట్టుకుంటే పొడి రాలేది. ఈ గోడ పక్కనే మా మామ్మ మంచం ఉండేది.

ఈ గోడకి మేం మూడుసార్లు పెయింట్ వేయించాం. మొదటిసారి మామూలు పెయింట్. రెండోసారి పుట్టీ పెట్టి పెయింట్. మూడోసారి చెమ్మ ఆపుతుందని చెప్పి అమ్మిన ఖరీదైన పెయింట్. మూడుసార్లూ దసరాకి ముందు వేయించాం, మూడుసార్లూ సంక్రాంతి నాటికి ఊడిపోయింది. నాలుగోసారి నాన్న, "ఇంక పెయింట్ వద్దు, నాలుగడుగుల ఎత్తు దాకా టైల్స్ అంటించీద్దాం, కనపడకుండా పోతాది" అన్నారు. డబ్బు కూడా తీసి పెట్టారు. ఆ టైల్స్ అంటించుంటే ఏమయ్యేదో, ఎందుకు ఆగామో, తర్వాత ఏం చేశామో చెప్తాను. మీ ఇంట్లో కూడా ఇలాంటి గోడ ఒకటి ఉంటే చివరిదాకా ఉండండి.

ముందు ఒక్క మాట గుర్తుపెట్టుకోండి. మరక అనేది నీరు బయటికొచ్చిన చోటు. నీరు లోపలికి దూరిన చోటు అది కాదు. ఈ రెండింటి మధ్య పదడుగుల దూరం ఉండొచ్చు. మనం ఏం చేస్తాం? మరక దగ్గరే మందు పూస్తాం. నీరు వచ్చే దారి అలాగే ఉంటుంది. అందుకే మళ్ళీ వస్తుంది.

అసలు ఇటుక గోడలోకి నీరెలా వెళ్తుంది? దీపం వత్తి చూశారు కదా. ప్రమిదలో నూనె కింద ఉంటుంది, మంట పైన ఉంటుంది. నూనె పైకి ఎవరు ఎక్కించారు? వత్తిలో సన్నని ఖాళీలు ఉంటాయి, వాటిల్లోంచి నూనె తనంతట తనే పైకి పాకుతుంది. ఇటుక కూడా అంతే. కాల్చిన మట్టి కాబట్టి లోపల కంటికి కనపడని సన్నని దారులు బోలెడు. మన దేశపు ప్రమాణాల ప్రకారం మామూలు ఇటుక 24 గంటలు నీళ్ళలో నానితే దాని బరువులో 20 శాతం వరకు నీరు తాగొచ్చు. అంటే మూడు కిలోల ఇటుక ఆరువందల మిల్లీలీటర్ల నీళ్ళు పట్టుకుంటుంది. ఒక్క ఇటుక! గోడలో ఎన్ని ఇటుకలు ఉంటాయో మీరే లెక్కేసుకోండి.

ఇలా నేలలోంచి నీరు పైకి ఎక్కకుండా ఉండడానికే ఇల్లు కట్టేటప్పుడు పునాది పైన, గోడ మొదలయ్యే చోట ఒక కాంక్రీట్ పట్టీ వేస్తారు. మన మేస్త్రులు డి.పి.సి. అంటారు. నీరు దిగని మందు కలిపిన, అంగుళం, అంగుళంన్నర మందం ఉండే పొర అది. నీటికి అది గేటు లాంటిది. గేటు ఉన్నంతవరకు గోడ క్షేమం.

ఇక మన ఊరి సంగతి. శృంగవరపుకోట అనంతగిరి కొండల కింద, అరకు వెళ్ళే దారిలో ఉంటుంది. పుణ్యగిరి మీద మబ్బు దిగిందంటే గొడుగు తీసుకునే బయటికెళ్ళాలని మాకు చిన్నప్పుడే తెలుసు. జూన్ నుంచి సెప్టెంబర్ దాకా ఒక వాన. అది అయిపోయింది అనుకునేసరికి అక్టోబర్, నవంబర్‌లో తుఫాన్లు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్, 2018 అక్టోబర్ 11న తిత్లీ, 2021 సెప్టెంబర్ 26న గులాబ్. తేదీలు చూడండి, అన్నీ సెప్టెంబర్ చివర, అక్టోబర్‌లోనే. అంటే వానాకాలంలో తడిసిన గోడ ఆరే టైమ్‌కే మళ్ళీ తడుస్తుంది.

ఇంకో తేడా కూడా ఉంది. మామూలు వాన పైనుంచి కిందికి పడుతుంది, సజ్జ కాపాడుతుంది. తుఫాను వాన అడ్డంగా వచ్చి గోడని కొడుతుంది. హుద్‌హుద్ అప్పుడు గాలి గంటకి 170, 180 కిలోమీటర్ల వేగంతో వీచింది. ఆ వేగంలో వెంట్రుకంత బీట ఉన్నా నీరు లోపలికి తోసుకొచ్చేస్తుంది. మా ఇంట్లో పైభాగం మరక హుద్‌హుద్ తర్వాతే మొదలైంది. కింది మరక మాత్రం ఎప్పుడు మొదలైందో ఎవరికీ గుర్తులేదు.

సరే, టైల్స్ ఎందుకు ఆగాయి? టైల్స్ వేయడానికి కొలతలు తీసుకోమని ఒక తాపీ మేస్త్రిని పిలిచాం. అరవై ఏళ్ళు దాటిన మనిషి. ఆయన టేపు తియ్యలేదు. గోడ ముందు నిలబడి చాలాసేపు చూశారు. చిన్న కర్రముక్కతో తడుతూ వెళ్ళారు. కొన్నిచోట్ల గట్టి చప్పుడు, కొన్నిచోట్ల డొల్ల చప్పుడు. తర్వాత నాతో అన్నారు: "బాబూ, టైల్స్ ఏస్తే నీకు కనపడదు గానీ నీరు ఆగిపోద్దేటి? ఇప్పుడు మూడడుగుల్లో ఉంది. దాని మొహం మూసీస్తే ఐదడుగులు ఎక్కుద్ది. అప్పుడేటి సేస్తావు, ఇంకో రెండు వరసలు అంటిస్తావా?"

అర్థమైందా? గోడలో ఉన్న తడి గాలికి ఆరుతూ ఉంటుంది. మనం టైల్స్ గానీ, ప్లాస్టిక్ షీట్లు గానీ, గాలి ఆడని పెయింట్ గానీ వేస్తే ఆరే దారి మూసేసినట్టే. రెయిన్‌కోటు వేసుకుని ఎండలో పరిగెత్తితే లోపల చొక్కా ఎలా తడుస్తుందో అలాగే. కింద ఆరలేని నీరు ఇంకా పైకి వెళ్ళి అక్కడ బయటపడుతుంది.

అయితే ఎలా కనిపెట్టాలి? దీనికి మీ ఫోన్ చాలు. ఆ రోజు నుంచి నేను వారానికొకసారి అదే చోట నిలబడి, అదే వెలుతురులో ఫోటో తీశాను. మరక అంచున పెన్సిల్‌తో గీత గీసి తేదీ రాశాను. రెండు నెలలకి గోడే కథ చెప్పడం మొదలెట్టింది. వాన పడినా పడకపోయినా కింది మరక మెల్లగా పెరుగుతోంది. మూలన నిలువుగా ఉన్న మరక మాత్రం వాన పడిన మర్నాడే ముదురుతోంది, వారం ఎండ కాస్తే తేలికపడుతోంది. అంటే ఒకే గోడకి రెండు జబ్బులు. మేం రెండింటికీ ఒకే మందు పూశాం.

మీరు గుర్తుపట్టడానికి కొన్ని గుర్తులు చెప్తాను. నేల నుంచి మొదలై గోడ పొడవునా ఒకే ఎత్తులో, రెండు మూడడుగుల దాకా మరక ఉండి, పై అంచున తెల్లటి ఉప్పు పూత ఉంటే నీరు నేలలోంచి వస్తోంది. పైనుంచి కిందికి నిలువు చారలా ఉంటే పిట్టగోడో, వాన నీటి పైపో చూడండి. సీలింగ్ మధ్యలో గుండ్రంగా ఉంటే స్లాబ్ కురుస్తోంది. వేసవిలో కూడా తగ్గకుండా బాత్రూమ్ గోడకి రెండోవైపు తడి ఉంటే పైపు లీకు. కిటికీ కింద మూలల్లో ఉంటే సజ్జ, కిటికీ ఫ్రేమ్ చుట్టూ ఉన్న సందు చూడండి.

పైపు లీకు అనుమానం ఉంటే ఒక సులువైన పరీక్ష. రాత్రి పడుకునేముందు కుళాయిలన్నీ కట్టేసి, ట్యాంకులో నీటి మట్టం దగ్గర గుర్తు పెట్టండి. పొద్దున్న ఎవరూ వాడకముందు చూడండి. నీరు తగ్గితే ఎక్కడో కారుతున్నట్టే.

గోడలోంచి వస్తోందా, గదిలో గాలి తేమ అంటుకుంటోందా అని అనుమానం ఉంటే, అడుగున్నర పొడవు, అడుగున్నర వెడల్పు పాలిథిన్ ముక్కని గోడకి నాలుగు వైపులా టేపుతో గట్టిగా అంటించి ఒక రోజంతా ఉంచండి. నీటి చుక్కలు షీటు వెనక, గోడవైపు ఉంటే తడి గోడలోంచి వస్తోంది. మన వైపు ఉంటే గాలిలోని తేమ. అప్పుడు కిటికీలు తెరవడం, వంటింట్లో ఎగ్జాస్ట్ ఫ్యాన్ పెట్టడం లాంటివి చూసుకోవాలి.

స్లాబ్ మీద నీళ్ళు నిలబెట్టి చూడటం చాలామంది చేస్తారు. ఒక్క జాగ్రత్త. 600 చదరపు అడుగుల స్లాబ్ మీద ఒక్క అంగుళం నీరు నిలబెడితే దాదాపు 1,400 కిలోల బరువు. పాత స్లాబ్ కింద పెచ్చులూడి ఇనుప చువ్వలు కనపడుతుంటే ఆ పని అస్సలు చెయ్యొద్దు. దానికి బదులు పైపుతో నీళ్ళు కొట్టి చూడండి. గోడ కింది నుంచి మొదలుపెట్టి పైకి వెళ్ళండి. ఒక్కో ఎత్తులో పావుగంట. ఎక్కడ కొట్టినప్పుడు లోపల తడి కనపడిందో అదే దారి. ముందే పైన కొడితే నీరు కిందికంతా కారి ఏదీ తెలీదు.

మా ఇంటికొద్దాం. మూలన నిలువు మరకకి కారణం తొందరగానే దొరికింది. మేడ మీంచి వాన నీరు దించే పైపు గోడలోకి ఆనుకుని ఉన్న చోట పగిలింది. దాని వెనకే నీరు గోడలోకి దిగుతోంది. వంద మిల్లీమీటర్ల వాన పడితే 600 చదరపు అడుగుల మేడ మీంచి దాదాపు 5,500 లీటర్లు ఆ ఒక్క పైపులోంచి రావాలి. పగులు చిన్నదే, పోయే నీరు మాత్రం చిన్నది కాదు.

కింది మరక ఎందుకో తెలీలేదు. ఇల్లు 1994లో కట్టారు, డి.పి.సి. వేశారని నాన్నకి బాగా గుర్తు. మరి గేటు ఉంటే నీరెలా దాటింది? మేస్త్రి కూడా తల గోక్కున్నారు. మంచం మీద కూర్చుని అంతా వింటున్న మామ్మ అంది: "నేను ఈ ఇంటికి కొత్తలో వచ్చినప్పుడు వీధిలోంచి మూడు మెట్లు ఎక్కి లోపలికొచ్చీదాన్నిరా. ఇప్పుడు మెట్లే నేవు. మోకాళ్ళ నొప్పులకి బాగుందనుకున్నాను."

అందరం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. మూడు మెట్లు, ఒక్కోటి ఆరంగుళాలు, మొత్తం అడుగున్నర. జాతీయ భవన నిర్మాణ నియమావళి కూడా ఇంటి పునాది మట్టం చుట్టుపక్కల నేల కన్నా కనీసం 45 సెంటీమీటర్లు ఎత్తు ఉండాలంటుంది, సరిగ్గా అడుగున్నరే. ముప్పై ఏళ్ళలో వీధి రోడ్డు మీద రోడ్డు వేశారు. రెండు మెట్లు మునిగాయి. మూడో మెట్టు మాత్రం రోడ్డు ముంచలేదు, మేమే ముంచాం. స్కూటర్ సులువుగా ఎక్కాలని గోడకీ రోడ్డుకీ మధ్య జాగాని రాళ్ళూ మట్టీ పోసి, పైన సిమెంట్ చేసి, ఇంటి గచ్చు మట్టానికి తెచ్చేశాం. ఆ మట్టి డి.పి.సి.ని దాటి గోడకి ఆనుకుంది. గేటు వేసే ఉంది గానీ పక్కనుంచి నిచ్చెన వేసిచ్చాం. పైగా ఆ సిమెంట్ వాలు గోడవైపే ఉంది. నాన్న ఏమీ అనలేదు. సాయంత్రం వచ్చి టైల్స్ డబ్బు నా చేతిలో పెట్టి, "ముందు ఆ సిమెంట్ కొట్టించీరా" అన్నారు.

ఇప్పుడు రిపేరు ఏ వరసలో చేశామో చెప్తాను. వరస ముఖ్యం.

మొదటిది, ప్రాణభద్రత. తడి గోడలో స్విచ్ బోర్డు ఉంటే మెయిన్ ఆపేసి ఎలక్ట్రీషియన్‌తో చూపించండి. ఇంటికి 30 మిల్లీ ఆంపియర్ల ఆర్.సి.సి.బి. లేకపోతే ఈ సందర్భంలో పెట్టించుకోండి. కరెంటు లీకైతే వెంటనే ఆపేసే పరికరం అది. గోడ బయటికి ఉబ్బినా, ఇటుకల సందుల వెంట మెట్లు మెట్లుగా బీట పడినా, అది తాపీ పని కాదు, ఇంజనీర్‌ని పిలవాల్సిన పని. మట్టితో కట్టిన పాత ఇటుక గోడలు మరీ ప్రమాదం. బాగా నానితే సందుల్లో మట్టి మెత్తబడి గోడ ఒక్కసారిగా కూలుతుంది. అలాంటి గోడ పక్కన వానరాత్రి ఎవరినీ పడుకోనివ్వొద్దు.

రెండోది, నీటి దారి మూయడం. పైపు మార్చి, గోడకి ఆనకుండా క్లాంపులతో కొంచెం దూరంగా బిగించాం. పిట్టగోడ పైభాగాన్ని లోపలివైపుకి వాలు పెట్టి చేయించాం. సజ్జ కింది అంచున నీరు గోడదాకా పాకకుండా సన్నని గాడి తీయించాం. మేడ మీద వాలు పది అడుగులకి అంగుళం పైన ఉండేలా చూసుకోండి, జాలీలో ఆకులు తీసేయండి.

మూడోది, నేల. గోడ పొడవునా అడుగు వెడల్పున సిమెంట్ పగలగొట్టి, డి.పి.సి. కన్నా కిందికి మట్టి తీసి, అక్కడ కంకర పోసి, అడుగున చిల్లుల పైపు వేసి వీధి కాలువలో కలిపాం. కలిపేముందు కాలువ మన పైపు కన్నా పల్లంలో ఉందో లేదో చూసుకోవాలి, లేకపోతే కాలువ నీరే ఇంట్లోకొస్తుంది. పునాది కనపడేంత లోతు మాత్రం తవ్వొద్దు. మా దగ్గరున్న తాటిపూడి రిజర్వాయర్‌లో కూడా నీరు ఎక్కువైతే గేట్లు ఎత్తి వదులుతారు కదా. నీటిని ఎదిరించడం కన్నా పోయే దారి చూపించడం తేలిక.

మీ ఇంటికి అసలు డి.పి.సి. లేకపోతే, గోడ అడుగున సందు వెంట నాలుగైదు అంగుళాలకొక రంధ్రం చేసి, నీటిని తిప్పికొట్టే సిలేన్ రకం మందు ఎక్కించే పద్ధతి ఉంది. పని తెలిసినవాళ్ళతోనే చేయించండి. మాకు ఆ అవసరం రాలేదు.

నాలుగోది, అందరూ వదిలేసేది: ఆరనివ్వడం. మరక అంచుకి ఇంకో అడుగున్నర పైదాకా ప్లాస్టరింగ్ కొట్టించేశాం. ఇటుకల సందుల్లో అర అంగుళం గీకించాం. తెల్లటి ఉప్పుని పొడి బ్రష్‌తో దులిపాం. నీళ్ళతో కడగొద్దు, ఉప్పు మళ్ళీ కరిగి లోపలికే పోతుంది. పెయింట్‌ని ఊడగొట్టేది ఈ ఉప్పే. నీరు ఆరినప్పుడు గడ్డకట్టి పొరని వెనకనుంచి తోస్తుంది. ఆరడానికి పాత లెక్క ఒకటుంది: అంగుళం మందానికి ఒక నెల. తొమ్మిదంగుళాల గోడంటే మరి ఎంతో చూడండి. మేం జనవరిలో మొదలుపెట్టి జూన్ మొదటివారం దాకా గోడని అలా ఇటుకలతోనే వదిలేశాం. వచ్చిన చుట్టాలందరూ "ఇదేటి, గోడ ఇలాగొగ్గీశారు?" అని అడిగారు. మామ్మ మంచం హాల్లోకి మార్చాం.

ఐదోది ప్లాస్టరింగ్, ఆరోది పెయింట్. పాత సున్నం గోడ అయితే సున్నంతోనే చేయించండి, గట్టి సిమెంట్ పూత పడదు. మాది సిమెంట్ గోడ కాబట్టి ఒకటికి ఆరు పాళ్ళ మిశ్రమం, మంచినీటి ఇసుక. పెయింట్ మాత్రం వానాకాలం పోయాక, గాలి ఆడే రకం వేశాం.

ఖర్చు? పైపు, కంకర, కూలీ, ప్లాస్టరింగ్ అన్నీ కలిపినా మూడుసార్లు వేసిన పెయింట్ల కన్నా తక్కువే అయింది. ఎక్కువ పట్టింది టైమ్.

ఇదంతా గోడ అందం కోసం కాదు ఫ్రెండ్స్. ఇంట్లో తడి, బూజు ఉంటే దగ్గు, ఆయాసం, ఆస్తమా ఎక్కువవుతాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009లో ప్రత్యేకంగా మార్గదర్శకాలే ఇచ్చింది. రాత్రంతా మామ్మ దగ్గుతుంటే వయసు వల్ల అనుకున్నాం. మంచం మార్చాక దగ్గు పూర్తిగా పోలేదు, కానీ రాత్రి నిద్ర పడుతోంది.

ఒక నిజం కూడా చెప్పాలి. కిందటి వానాకాలం తర్వాత ఇదిగో, ఈ మూలన అరచేయంత మరక మళ్ళీ వచ్చింది. దాని చుట్టూ గీత గీశాను, తేదీ రాశాను. వారం వారం ఫోటో తీస్తున్నాను. ఈసారి మాత్రం పెయింట్ డబ్బా కొనలేదు.

మీకు ఈ రోజు పని ఒక్కటే. ఫోన్ తీసుకుని ఇంటి చుట్టూ ఒకసారి తిరగండి. మేడ మీద నీరు పోయే జాలీ, పిట్టగోడ, వాన పైపు, సజ్జల కింద, గోడ నేలని తాకే చోటు, ఈ ఐదూ ఫోటో తీసి పెట్టుకోండి. తర్వాత ఇంట్లో పెద్దవాళ్ళని అడగండి, ఇల్లు కట్టినప్పుడు వీధిలోంచి ఎన్ని మెట్లు ఉండేవని. ఇప్పుడెన్ని ఉన్నాయో లెక్కపెట్టండి. తేడా వస్తే కామెంట్‌లో రాయండి, నేను చదువుతాను. ఉంటాను మరి, నమస్తే.